కొండ కడుపులో ఏముంది

పోయిన వారం అమూల్యను వెల్లింగ్టన్ పక్క ఊరు లోవర్ హట్‌లో రైలెక్కించి వదిలేశాం. చేతిలో ఫోన్, ఫోన్‌లో ముందురాత్రి జశ్వంత్ పంపిన మెసేజ్: ‘అక్కా, రేపు మీటింగ్‌కు నువ్వు గూడ రావాలె. నీ హెల్ప్ గావాలె.’ వెల్లింగ్టన్ ఆఫీసులో ఒకే అంతస్తులో పనిచేస్తూ, లిఫ్టులో ఎదురుపడితే గోడలు చూసుకునే మనిషి, ఉన్నట్టుండి అక్కా అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె దారి పొడుగునా నవ్వుకుంటూనే ఉంది. ఎదురు సీటులోని పెద్దావిడ ఏదో మంచి వార్తేమో అనుకుని తనూ నవ్వింది. మంచి వార్తే మరి. పగబట్టిన మనిషికి పగవాడే గుమ్మంలోకి వస్తానంటే అంతకన్నా ఏం కావాలి?

ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. అమూల్యది సిద్దిపేట. డునెడిన్‌లో చదువుకునే రోజుల్లో ఒక పాత ఫ్లాట్‌లో నలుగురు తెలుగు పిల్లలు కలిసి ఉండేవారు. ఆ ఇంటి చలికి దుప్పటి కప్పుకుని, వేళ్లు ఊదుకుంటూ, ఆమె ‘సెవెన్ రాంపార్ట్స్’ అనే కంప్యూటర్ ఆటకు ఒక యుద్ధభూమి తయారు చేసింది. సైన్యాలు నడిపి కోటలు పట్టుకునే ఆట అది. ఆడేవాళ్లు తమకు నచ్చిన మైదానాలు తామే కట్టుకోవడానికి అందులో మ్యాప్ ఎడిటర్ అని ఒక పనిముట్టు ఉంటుంది. మూడు చలికాలాలు ఆమె ఆ ఎడిటర్‌తోనే కాపురం చేసింది. మైదానం నడుమ పూల వరసలుగా పైకి లేచే ఒక గుండ్రని కొండ, దాని నెత్తిన చిన్న కోట. ఆమె లాప్‌టాప్ ఆ బరువు మోయలేక మొరాయిస్తే, పక్కగది జశ్వంత్ తన కంప్యూటర్ వాడుకోమన్నాడు. అక్కా అక్కా అంటూ ఆమె వండిన పప్పు తిన్నాడు. చివరికి, కంపెనీవాళ్ల పోటీకి ఆ మ్యాప్ నేనే పంపిస్తానన్నాడు. పంపాడు, తన పేరొక్కటే రాసుకుని పంపాడు.

గెలిచాడు కూడా. ఆ కంపెనీలోనే ఉద్యోగం కొట్టాడు. కొండకు ‘గోల్డెన్ హిల్’ అని పేరు పెట్టాడు. అమూల్య ఫిర్యాదు చేస్తే ఆధారమేదని మర్యాదగా అడిగారు. ఆధారమంతా దొంగ కంప్యూటర్‌లోనే ఉంటే ఆమె ఏం చూపిస్తుంది? ఏడ్చి ఊరుకుంది. ఊరుకునేదే, ఒక ఇంటర్వ్యూ చూడకపోయి ఉంటే. అందులో జశ్వంత్, తన నాయనమ్మ పేర్చిన బతుకమ్మను తలుచుకుని ఆ కొండ కట్టానని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

అది నాయనమ్మ బతుకమ్మ కాదు. అమూల్య తల్లి సుశీలమ్మది. ఆ వరసలు, ఆ రంగులు, నెత్తిన గౌరమ్మ కూర్చునే చోటు, అన్నీ ఆమె చేతివే. మ్యాప్ పోయినప్పుడు కన్నీళ్లొచ్చాయి. అమ్మ బతుకమ్మ కూడా వాడి నాయనమ్మదైపోయేసరికి కన్నీళ్లు ఆగిపోయి కడుపు మండింది. వీడిని వదలకూడదనుకుంది. ఆటగాళ్ల తిట్లకు జవాబులు రాసే సీటు, ఎవరూ ఉండలేక పారిపోయే సీటు, అదే కంపెనీలో ఖాళీ ఉందని తెలిసి చేరిపోయింది. వర్క్ వీసా కూడా ఆ కంపెనీ పేరు మీదే ఉంది. అవకాశం కోసం కాచుకుని కూర్చుంది.

అవకాశం ప్యాచ్ రూపంలో వచ్చింది. ఆటకు అప్పుడప్పుడు వేసే మార్పుల మూటను ప్యాచ్ అంటారు. ఈసారి జశ్వంత్ చేసిన ప్యాచ్‌తో సైనికులు కొండల కింద సొరంగాలు తవ్వొచ్చు. తవ్వకం ఎక్కువైతే కొండ కూలుతుంది కూడా. ఆటగాళ్లు ఎగిరి గంతేశారు. ఆ గంతు గోల్డెన్ హిల్ తెరిచేదాకానే. అక్కడ ఆట ఈడ్చుకుంటూ నడిచింది. దాడి చెయ్యమంటే సైనికుడు తీరిగ్గా ఆలోచించుకుని కదిలాడు. ఎడిటర్‌లో కొండ మీద మౌస్ పెడితే తెర బిగుసుకుపోయింది. ల్యాగ్, ల్యాగ్ అంటూ ఫిర్యాదులు వరదలా వచ్చి అమూల్య బల్ల మీద పడ్డాయి. మొదటి ఫిర్యాదు చదవగానే కారణం ఆమెకు అర్థమైపోయింది. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా రాసింది. ఆ వాక్యం రాసేటప్పుడు ఆమెకు కలిగినంత సంతోషం ఈ దేశం వచ్చాక మరెప్పుడూ కలగలేదు.

ఇక ఈ రోజు సంగతి.

ఆఫీసు వంటగదిలో జశ్వంత్ ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. కిటికీ అవతల వాన అడ్డంగా కొడుతోంది. అతని కళ్ల కింద నల్లగా ఉంది. ఆ నలుపు చూసి అమూల్య ప్రాణం లేచొచ్చింది.

“అక్కా, చాయ్ తాగుతవా?”

“నువ్వు పెడ్తవా?”

“పెడ్త. చక్కెర జర ఎక్కువేస్కుంటవ్ గదా?”

“మానేసిన. డునెడిన్‌లనే మానేసిన.”

అతను కెటిల్ స్విచ్ వేసి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. “అక్కా, ఆ కొండల గవన్ని ఎందుకు వెట్టినవ్?”

“ఏ కొండ?”

“గట్లనకు. నీకెర్కే.”

“గోల్డెన్ హిల్లా? అది నీది గదరా. మీ నాయినమ్మది. నాకేం ఎర్క?”

జశ్వంత్ మొహం వాడిపోయింది. “తప్పయింది అక్కా. నా కాళ్లకింద భూమి గుంజుకపోతున్నది. ఎల్లుండి ఆక్లాండ్‌ల ఈ ఆట పోటీల ఫైనల్స్. ఆ మ్యాప్ మీదనే ఆడుతరు. ఇది గిట్ల ఆగమైతే నన్ను ఉంచరు. ఫైనల్స్ అయినంక ఇద్దరి పేర్లు వెట్టిస్త. ఒట్టు.”

“అయినంక గాదు. ఇయ్యాల. మీటింగ్ల పెద్ద మేడం ఫియోనా ముంగట ఒక్క మాట అను, ఈ మ్యాప్ అమూల్యది అని. ల్యాగ్ ఎందుకొస్తున్నదో ఆ నిమిషమే చెప్త.”

“నా రెసిడెన్సీ ఆగిపోతది. ఈడ పర్మనెంట్‌గ ఉండనియ్యరు.”

“నాది ఆగలేదా?”

కెటిల్ మరిగి తనే ఆగిపోయింది. అతను కప్పులో నీళ్లు పోశాడు. తలెత్తకుండా, “సరే, చెప్త” అన్నాడు.

అమూల్య నమ్మింది. ఇంత కడుపుమంట పెట్టుకుని, ఇన్నాళ్లు కాచుకుని, మళ్లీ వాడి మాటే నమ్మింది. అక్కా అన్న పిలుపు అలాంటిది. డునెడిన్ ఫ్లాట్‌లో జ్వరంతో మూలుగుతూ అదే గొంతు అదే పిలుపు పిలిస్తే గంజి కాచి పోసిన చెయ్యి కదా ఆమెది. నోటితో ఆ ఒక్క మాట అంటే చాలు, మిగతాది వదిలేస్తాను అనుకుంటూ ఆమె మీటింగ్ గదిలోకి నడిచింది.

ఫియోనా అప్పటికే కూర్చుని ఉంది. ఈ ఆట మొత్తానికి పెద్ద ఆవిడే. నెరిసిన జుట్టు, కాళ్లకు బురద బూట్లు, ఎవరి మీదా గొంతు పెంచని, ఈ దేశంలోనే పుట్టిన కివీ మనిషి. ఆమె గొంతు తగ్గించినప్పుడే అందరూ భయపడతారు. గోడ మీద రెండు పెద్ద తెరలున్నాయి. ఒకదాని మీద ఎడిటర్, రెండో దాని మీద ఆక్లాండ్‌లో ఫైనల్స్ ఆటగాళ్లు ఆడుకుంటున్న ప్రాక్టీస్ ఆట. ఇక్కడ ఎడిటర్‌లో మార్చి సేవ్ చేస్తే అక్కడ మైదానం మారిపోతుంది. ఇంజినీర్లు ఇద్దరు మూలన నిలబడ్డారు. కంప్యూటర్ ముందు కుర్చీలో జశ్వంత్ కూర్చున్నాడు.

“ఆక్లాండ్ నుంచి ఫోన్ వచ్చింది,” అంది ఫియోనా ఇంగ్లీషులో, మెల్లగా. “ఈ మ్యాప్ ఇలాగే ఈడిస్తే ఫైనల్స్ నుంచి తీసేస్తారట. జశ్వంత్, కొండ నీది. అందులో ఏముందో చెప్పు.”

జశ్వంత్ అమూల్య వైపు చూశాడు. ఆమె మనసులోనే అతన్ని తొందరపెట్టింది. అను, ఆ ఒక్క మాట అను.

“నిన్న ఒకటి కనిపెట్టాను,” అన్నాడు జశ్వంత్ ఫియోనా వైపు తిరిగి. “చూపిస్తాను.”

ఎడిటర్‌లో కొండను నిలువునా కోసి చూపించే వీలుంది. అతను నొక్కాడు. తెర బిగుసుకుపోయింది. అందరూ ఆ కదలని బాణం గుర్తునే చూస్తూ ఉండిపోయారు. చివరికి కొండ రెండుగా విచ్చుకుంది. బయట పసుపు, తెలుపు, ఎరుపు పూల వరసలు. లోపల, పైనుంచి కిందిదాకా, చెట్ల మొద్దులు, ఆకుల కుప్పలు, కాడలు, మట్టిగడ్డలు, వేలకు వేలు కిక్కిరిసి ఉన్నాయి. మూలనున్న ఇంజినీరు ఒకడు ఈల వేశాడు.

“ఏమిటిదంతా?” అంది ఫియోనా.

“చెత్త,” అన్నాడు జశ్వంత్. “కొత్తలో ఏవేవో పెట్టి చూశాను. తీసేయడం మరిచిపోయాను. పాత ఆట కంటికి కనబడని వస్తువును పట్టించుకునేది కాదు. ఇప్పుడు సొరంగాలొచ్చాయి కదా, సైనికుడు ఎక్కడ తవ్వుతాడో అని లోపలున్న ప్రతి ముక్కనూ అనుక్షణం లెక్కేసుకుంటోంది. ల్యాగ్ అందుకే.”

చెత్త అన్నాడు. అమూల్యకు చెంప మీద కొట్టినట్టయింది.

బతుకమ్మ పేర్చే రోజు ఇంట్లో సుశీలమ్మ చుట్టూ కూతురు తప్ప ఎవరూ తిరగకూడదు. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, అంచున తంగేడు పూలు గుండ్రంగా ఒక వరస, దాని మీద గునుగు ఒక వరస. వరస పేర్చిన ప్రతిసారీ ఆమె మధ్యలో మిగిలిన ఖాళీని ఆకులతో, తుంచిన కాడలతో కూరి, అరచేత్తో అదిమేది. చిన్న అమూల్య పువ్వులే అందిస్తుంటే కసిరేది. “పువ్వుల్దేమున్నదే, అందరు జూస్తరు. కడుపు నిండకుంటే బతుకమ్మ కూలవడ్తది.” ఎడిటర్‌లో అంత నిటారు కొండ ఎత్తే పనిముట్టు ఆ రోజుల్లో లేదు. అందుకే అమూల్య తల్లి చేసినట్టే చేసింది. వరస పేర్చింది, కడుపు నింపింది, మళ్లీ వరస పేర్చింది.

జశ్వంత్‌ది నిజామాబాద్ వైపు. బతుకమ్మ అతనికి తెలియనిది కాదు. కానీ మగపిల్లలు పొద్దున్నే చెలకల్లోకి పోయి పువ్వు తెంపుకొస్తారు, మోపు గడపలో పడేసి ఆటకు పోతారు. మళ్లీ సాయంత్రం నిండుగా పేర్చిన బతుకమ్మనే చూస్తారు. దాని కడుపులో ఏం కూరారో అడిగిన మగపిల్లాడు ఆ ఊళ్లలో పుట్టలేదు. అతను దొంగిలించింది కూడా పువ్వుల్నే.

“తీసేస్తే సరిపోతుందా?” అంది ఫియోనా.

“సరిపోతుంది. పైపూత ఎలా ఉందో అలాగే ఉంటుంది.”

ఉండదు. సొరంగాల ప్యాచ్ వచ్చాక ఈ ఆటలో పైనున్నది కిందున్న దాని మీద నిలబడుతుంది. ఇంతకు ముందు గాల్లో పెట్టినా ఆగే పువ్వు ఇప్పుడు ఆగదు. తను చేసిన ప్యాచే వీడి తలకెక్కలేదు. జశ్వంత్ లోపలి చెత్తనంతా ఒక్క గీతలో చుట్టేశాడు. వేలు డిలీట్ మీద పెట్టాడు. ఒక్కసారి, ఒక్క క్షణం, భుజం మీదుగా అమూల్యను చూశాడు. ఆ చూపులో సిగ్గు లేదు. నువ్వు లేకున్నా నాకు గడుస్తుంది చూడు అన్నట్టుంది.

ఆగరా, అని మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమూల్య పళ్లు బిగించి దాన్ని మింగేసింది. నొక్కు, నొక్కు, నీ చేత్తో నువ్వే నొక్కు.

నొక్కాడు. సేవ్ చేశాడు.

రెండో తెర మీద ఆట ఒక్కసారిగా పరుగందుకుంది. అంతదాకా కుంటిన సైనికులు చెంగుచెంగున కొండెక్కారు. ఆక్లాండ్ ఆటగాళ్లు కింద వరసగా చప్పట్ల బొమ్మలు పంపారు. ఇంజినీర్లిద్దరూ “గుడ్ ఆన్ యా, మేట్” అంటూ జశ్వంత్ భుజం చరిచారు. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. అమూల్య తెర వైపు ముందుకు వంగింది. లెక్క తప్పానా అనుకుంది.

తప్పలేదు. ముందు కొండ నడుముకు చిన్న సొట్ట పడింది. ఎర్రపూల వరస ఒకటి లోపలికి జారింది. దాని పైది దాని మీద పడింది, దాని పైది దాని మీద. ఎక్కుతున్న సైన్యంతో సహా కొండ తన లోపలికి తనే కుంగిపోయింది. నెత్తిన కోట ఒరిగి, బోర్లాపడి, కనబడకుండా పోయింది. మైదానం మధ్యన ఒక గుంట, గుంటలో రంగురంగుల పూలు కలగాపులగంగా మిగిలాయి. చప్పట్లు పంపినవాళ్లే ఇప్పుడు పగలబడి నవ్వే బొమ్మలు పంపడం మొదలుపెట్టారు.

జశ్వంత్ మెడ మీద చెమట పట్టింది. అమూల్య ఆ చెమటను చూసింది, తనివితీరా చూసింది. మూడు చలికాలాల చలి ఆ నిమిషంలో ఒంట్లోంచి దిగిపోయినట్టనిపించింది.

“పాత కాపీ వేద్దామా?” అన్నాడు ఇంజినీరు.

“వేస్తే కొండ వస్తుంది, దాంతో పాటు ల్యాగ్ కూడా వస్తుంది,” అంది ఫియోనా. ఆమె గొంతు బాగా తగ్గింది. “అమూల్యా, అది కూలుతున్నంతసేపూ నేను తెర చూడలేదు. నీ మొహం చూశాను. నీకు ముందే తెలుసు.”

జశ్వంత్ చటుక్కున తల తిప్పాడు. ఆ మొహంలో లెక్కలు తిరగడం ఆమెకు కనిపించింది. ఎంత తొందరగా తేరుకుంటాడో వీడు.

“ఆమెకెలా తెలుస్తుంది ఫియోనా?” అన్నాడు ఇంగ్లీషులో, జాలిపడుతున్నట్టు. “సపోర్ట్‌లో కూర్చునే మనిషి. ఎడిటర్ తెరిచి కూడా ఉండదు. కట్టిన నాకే లోపలేముందో గుర్తులేదు, ఆమెకేం తెలుసు?” వెంటనే తెలుగులోకి దిగి, నవ్వు చెదరకుండా అన్నాడు. “ఊ అను అక్కా. తెలిసి ఊకున్నవంటే నిన్ను ఇప్పుడే తీసేస్తరు. వీసా పోతది. ఊ అంటే ఏం గాదు, నేను చూస్కుంట.”

కాపాడుతున్నాడట. ఊ అంటే జీతం నిలుస్తుంది, లోవర్ హట్‌లో గది నిలుస్తుంది, వీసా నిలుస్తుంది. దాంతో పాటు ఆ కొండ శాశ్వతంగా వాడిదవుతుంది. అది కూడా ఆమె నోటితోనే అవుతుంది. ఇక ఎప్పుడు ఎవరికి చెప్పుకున్నా, ఆ రోజు నీకేమీ తెలియదన్నావుగా అంటారు. సుశీలమ్మ ఎప్పటికీ జశ్వంత్ నాయనమ్మగా ఉండిపోతుంది.

“నిజమేనా?” అంది ఫియోనా.

“కాదు,” అంది అమూల్య. “నాకు తెలుసు. మొదటి ఫిర్యాదు చదివినప్పుడే తెలుసు. ఇతను డిలీట్ మీద వేలు పెట్టినప్పుడూ తెలుసు. ఆపగలిగేదాన్నే. కావాలనే ఆపలేదు.”

“ఎందుకు?”

“ఆ కొండ కట్టింది నేను. లోపలున్నది చెత్త కాదు. కొండ నిలబడేదే దాని మీద.”

“అబద్ధం!” జశ్వంత్ అరిచాడు. “విన్నారుగా, తెలిసి తెలిసి కంపెనీని ముంచింది. ఇప్పుడు తప్పించుకోవడానికి ఏదో కథ చెబుతోంది.”

ఫియోనా అతని వైపు చూడనే లేదు. బల్ల మీద చెయ్యి చాపింది. “నీ ఆఫీసు కార్డు ఇక్కడ పెట్టు, అమూల్యా. విచారణ అయ్యేదాకా నువ్వు ఉద్యోగంలో లేనట్టే. ఆ తర్వాత ఉంటావని మాటివ్వలేను.”

అమూల్య మెడలోంచి కార్డు తీసింది. తీస్తుంటే తాడు జుట్టులో చిక్కుకుంది. విడదీసుకుని బల్ల మీద పెట్టింది. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేదనుకున్నాక భయం కూడా పోయింది.

“ఇప్పుడు నేను నీకు పని చెప్పలేను,” అంది ఫియోనా. “అడగగలను అంతే. కట్టింది నువ్వే అయితే, ల్యాగ్ లేకుండా మళ్లీ నిలబెట్టి చూపించు. ఇక్కడే, నా కళ్ల ముందు. నిలబడితే ఎవరి పేరు రాయాలో నాకు తెలుస్తుంది. నిలబడకపోతే నిన్ను బయటికి పంపించేది నేను కాదు, లాయర్లు.”

కడుపు నింపాలి, బరువు పెరగకూడదు. అలా కట్టడం ఎలాగో అమూల్యకు ఇంకా తెలియదు. ఆ సంగతి ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. అయినా బల్ల చుట్టూ తిరిగి కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. జశ్వంత్ కుర్చీ వదల్లేదు. మౌస్ మీద చెయ్యి బిగించి, కింది నుంచి పైకి ఆమెనే చూస్తున్నాడు. పెదాలు మెల్లగా కదిలాయి.

“అక్కా, జర ఆలోచన జెయ్...”

“లెయ్,” అంది అమూల్య. “మా అమ్మ కొండ మీదికెంచి లెయ్.”